గోంపా గోడ మీది భవచక్రాన్ని చదవడం ఎలా

కూర్గ్ ట్రిప్ పెట్టుకున్న మనవాళ్ళు దారిలో టిబెటన్లు స్థిరపడ్డ బైలకుప్పె దగ్గర ఆగకుండా పోరు. బంగారు విగ్రహాల ముందు ఫొటోలు దిగుతారు, మోమోలు తింటారు, రంగురంగుల జెండాలు కొంటారు. గోంపాల్లో, అంటే టిబెటన్ బౌద్ధ మఠాల్లో, గుమ్మం పక్కన వసారా గోడ మీద భవచక్రం, అంటే చావుపుట్టుకల చక్రం బొమ్మ వేస్తారు. దాని ముందు నిలబడే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు. కోరలు, గోళ్ళు ఉన్న ఒక భయంకరాకారం ఆ చక్రాన్ని కాళ్ళూ చేతులతో వాటేసుకుని పై అంచుని కొరుకుతూ ఉంటుంది. "ఇదేదో యముడి బొమ్మలే" అనేసి పిల్లల్ని లాక్కుపోతారు.

నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. సొంతూరు అమరావతికి దగ్గర్లోనే. 2006 జనవరిలో అక్కడ దలైలామా ఇచ్చే కాలచక్ర దీక్షా ఉత్సవం జరిగినప్పుడు టిబెటన్లు పెట్టుకున్న స్టాళ్ళలో ఈ బొమ్మని మొదటిసారి దగ్గర్నుంచి చూశాను. అప్పట్లో నన్ను ఆకట్టుకుంది అందులోని పనితనం మాత్రమే. అర్థం తర్వాత మెల్లమెల్లగా తెలిసింది. ఇప్పుడు మైసూరులో అమ్మాయి దగ్గర ఉంటున్నాను కాబట్టి వచ్చిన చుట్టాల్ని బైలకుప్పె తీసుకెళ్ళే డ్యూటీ నాది. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. బైలకుప్పె అనే కాదు, బుద్ధగయలోనో ధర్మశాలలోనో లడఖ్‌లోని థిక్సే గోంపాలోనో ఈ చక్రం ఎదురైనా చదివే పద్ధతి ఇదే.

ముందు గోడకి బాగా దూరంగా నిలబడి చక్రం మొత్తం ఒక్క చూపులో పట్టేలా చూడండి. నాలుగు వలయాలు కనిపిస్తాయి. నడిమధ్య చిన్న గుండ్రం, దాని చుట్టూ సగం తెలుపు సగం నలుపు ఉన్న సన్నటి పట్టీ, ఆ తర్వాత గదులుగా విడదీసిన పెద్ద భాగం, అన్నిటికంటే బయట చిన్న చిన్న బొమ్మలున్న అంచు. ఈ నాలుగూ కంటికి ఆనిన తర్వాతే దగ్గరికి వెళ్ళండి. అంచు బొమ్మలు చాలాచోట్ల మన తల కంటే ఎత్తున ఉంటాయి. ఫొటో తీసుకుని ఫోన్లో పెద్దది చేసుకుంటే మెడ నొప్పి తప్పుతుంది. ఫ్లాష్ వద్దు. ఎదురుగా భిక్షువు ఉంటే ఒక మాట అడిగి తీయండి. గోడ మీద వేలు పెట్టి చూపించకండి, పిల్లల్నీ పెట్టనివ్వకండి. రంగు రాలిపోయేది అలాగే.

అదే వసారాలో నలుగురు భారీ మనుషుల బొమ్మలు కూడా ఉంటాయి. వీణ పట్టుకున్నవాడు ధృతరాష్ట్రుడు, కత్తి ఉన్నవాడు విరూఢకుడు, పాము ఉన్నవాడు విరూపాక్షుడు, చేతిలో ముంగిస ఉన్నవాడు వైశ్రవణుడు. వీళ్ళు దిక్కుల కాపలాదార్లు. చక్రంలో భాగం కాదు, కలిపేసుకోకండి.

ఈ బొమ్మ గుమ్మం దగ్గరే ఎందుకు? మూలసర్వాస్తివాదులనే పాత బౌద్ధ శాఖవాళ్ళ వినయ గ్రంథంలోనూ (భిక్షువుల నియమాల పుస్తకం), దివ్యావదానమనే బౌద్ధ కథల సంపుటిలోనూ దీనికి ఒక కథ ఉంది. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడికి మహిమలుండేవి. నరకానికీ ప్రేతలోకానికీ దేవలోకానికీ వెళ్ళొచ్చి, అక్కడ ఎవరు ఏం అనుభవిస్తున్నారో జనానికి చెప్పేవాడట. దారి తప్పిన కుర్రాళ్ళని వాళ్ళవాళ్ళు ఈయన దగ్గరికే తీసుకొచ్చేవారట. అది చూసి బుద్ధుడు, అన్నిచోట్లా మౌద్గల్యాయనుడు దొరకడు కదా, విహారం గుమ్మం దగ్గర అయిదు భాగాల చక్రం వేయించండి అన్నాడట. ఊరికే వేయించి వదిలేయడం కాదు, వచ్చిపోయేవాళ్ళకి దాన్ని విడమరిచి చెప్పడానికి ఒక భిక్షువుని కూడా నియమించమన్నాడు. అంటే ఈ బొమ్మకి మొదట్నుంచీ గైడు పోస్టు మంజూరై ఉంది. ఇప్పుడు చాలాచోట్ల ఆ పోస్టు ఖాళీ.

ఇది టిబెటన్లు కనిపెట్టుకున్నది కాదని కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. అజంతా 17వ గుహ వసారాలో ఎడమ చివర ఇలాంటి చక్రమే ఒకటి, 5వ శతాబ్దం నాటిది, సగం రాలిపోయి ఉంది. తొలిరోజుల్లో చూసినవాళ్ళకి అదేమిటో తెలియక రాశిచక్రం అనుకున్నారు. చాలాకాలం ఆ గుహని రాశిచక్రం గుహ అనే పిలిచారు.

నడిమధ్య నుంచి మొదలుపెట్టండి

కొత్తవాళ్ళ కన్ను నేరుగా అడుగున ఉన్న మంటల మీదకి పోతుంది. ఆపుకోండి. ఈ బొమ్మలో ముందు చూడాల్సింది నడిమధ్య గుండ్రంలోని మూడు జంతువులు: కోడిపుంజు, పాము, పంది. ఒకదాని తోక ఒకటి కరిచి పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటాయి. పుంజు రాగానికి, పాము ద్వేషానికి, పంది మోహానికి గుర్తు. పాత గ్రంథంలో పుంజు బదులు పావురం వేయమని ఉంది. టిబెటన్ చిత్రకారులు పుంజునే ఎక్కువగా వేస్తారు.

కొన్ని బొమ్మల్లో పుంజూ పామూ రెండూ పంది నోట్లోంచి బయటికొస్తున్నట్టు ఉంటాయి. మా మనవరాలు అది చూసి, "తాతయ్యా, ఆ పంది వాటిని మింగుతోందా, కక్కుతోందా?" అంది. "కక్కుతోందమ్మా" అన్నాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు తెలిస్తే బౌద్ధంలో సగం తెలిసినట్టే. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడలేకపోవడం ముందు. అందులోంచే "నాకు కావాలి" అన్నదీ "వీడు నాకొద్దు" అన్నదీ పుడతాయి. చక్రం మొత్తాన్ని తిప్పుతున్న ఇంజను ఈ మూడే. మిగతా వలయాలన్నీ వీటి పర్యవసానాలు.

దాని చుట్టూ ఉన్న తెలుపు నలుపు పట్టీలో ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. తెల్లసగంలో మనుషులు పైకి పోతుంటారు, నల్లసగంలో తలకిందులుగా కిందికి జారుతుంటారు. చేసిన కర్మని బట్టి తర్వాతి పుట్టుక. పైకి పంపించేవాడూ కిందికి తోసేవాడూ ఎవరూ ఆ పట్టీలో కనిపించరు, అది మాత్రం గమనించండి.

గదులు

ఇప్పుడు పెద్ద వలయం. ఒక్కో గది మళ్ళీ పుట్టే ఒక్కో లోకం, దాన్నే గతి అంటారు. గదులు లెక్కపెట్టండి. కొన్నిచోట్ల ఆరు, కొన్నిచోట్ల అయిదే ఉంటాయి. అయిదుంటే బొమ్మ తప్పేం కాదు. అసురులకి వేరే గది ఇవ్వాలా, దేవతల గదిలోనే సర్దాలా అన్నది చాలా పాత గొడవ. థేరవాదులనే బౌద్ధ శాఖవాళ్ళ అభిధర్మ (సిద్ధాంత చర్చల) గ్రంథం కథావత్థులో దీని మీద ఏకంగా ఒక చర్చే ఉంది. గతులు అయిదే అని వాళ్ళ వాదం. ఆరని వాదించిన అవతలిపక్షం ఎవరా అంటే, అంధకులూ ఉత్తరాపథకులూ అని వ్యాఖ్యానం చెబుతుంది. అంధకులంటే మన కృష్ణాతీరపు బౌద్ధ శాఖలవాళ్ళే, పూర్వశైలీయులూ అపరశైలీయులూ వగైరా. అమరావతి, నాగార్జునకొండ శాసనాల్లో కనిపించే పేర్లు ఇవి. గోడ మీద ఆరో గది కనిపించినప్పుడల్లా, ఇది మావాళ్ళు గట్టిగా వాదించిన గది అని నాకు లోపల్లోపల కాస్త గర్వంగా ఉంటుంది. చుట్టాలకి కూడా చెబుతాను, వాళ్ళు వినిపించుకోరు.

గదుల్ని పైనుంచి కిందికి చదవండి. పై గది దేవలోకం. మేడలు, తోటలు, వీణలు. అందరూ దీన్ని స్వర్గమనుకుని ఒక చూపు చూసి వదిలేస్తారు. నా మటుకు నాకు మొత్తం బొమ్మలో అసలు భయపెట్టే గది ఇదే. దేవతలకి ఆయుష్షు ఎక్కువ, చావు లేకపోలేదు. పుణ్యం కరిగిపోయే రోజొచ్చినప్పుడు అయిదు గుర్తులు కనిపిస్తాయంటారు. ఒంటి మెరుపు తగ్గుతుంది, కూర్చున్న ఆసనం ఇబ్బందిగా అనిపిస్తుంది, మెడలో దండ వాడుతుంది, బట్టలు మాస్తాయి, ఎన్నడూ ఎరగని చెమట పడుతుంది. శాతవాహన రాజుకి ఆచార్య నాగార్జునుడు రాసిన ఉత్తరం, సుహృల్లేఖలో ఈ అయిదూ వరసగా ఉన్నాయి. సంస్కృత మూలం పోయింది కానీ టిబెటన్, చైనా అనువాదాలు మిగిలాయి. 7వ శతాబ్దంలో మన దేశం వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్, ఇక్కడి విద్యార్థులు చదువు మొదట్లోనే దీన్ని నేర్చుకుంటారని రాశాడు. సింహాసనం మీద కూర్చున్న ఒక తెలుగునేల రాజుకి "ఇంద్రుడు కూడా కర్మవశాన తిరిగి భూమ్మీద పడతాడు, చక్రవర్తి కూడా నౌకరు కింద నౌకరవుతాడు" అని రాయగలిగిన చనువు చూడండి.

దాని పక్కది అసురుల గది. ఇక్కడ చిత్రకారుల తెలివి చూడాలి. రెండు గదుల మధ్య ఒకే చెట్టు ఉంటుంది. కల్పవృక్షం. వేళ్ళూ మొదలూ అసురుల వైపు, కొమ్మలూ పళ్ళూ దేవతల వైపు. నీళ్ళు పోసేది వీళ్ళు, తినేది వాళ్ళు. కడుపు మండి అసురులు గొడ్డలి పట్టుకుని మొదలు నరుకుతుంటారు, కవచాలు వేసుకుని యుద్ధానికి దిగుతారు, ప్రతిసారీ ఓడిపోతారు. వీళ్ళకి తిండికి లోటు లేదు, బలానికి లోటు లేదు. పక్కవాడి గదిలో పళ్ళు కనిపించడమే వీళ్ళ బాధంతా. అన్నదమ్ముల పంపకాలు చూసినవాళ్ళెవరికీ ఈ గది వివరించక్కర్లేదు.

మనుషుల గదిలో దున్నేవాడు, పసిబిడ్డని ఎత్తుకున్న తల్లి, మూలుగుతున్న రోగి, ముసలివాడు, శవం, పాఠం చెబుతున్న గురువు ఇలా అన్నీ కలగలిపి ఉంటాయి. సుఖం మరీ ఎక్కువైతే ధర్మం గురించి ఆలోచించే తీరిక ఉండదు, బాధ మరీ ఎక్కువైతే ఓపిక ఉండదు. రెండూ సమంగా ఉన్న గది ఇదొక్కటే కాబట్టి మనిషి పుట్టుకకి విలువ ఇచ్చారు. దాని అరుదుదనానికి పాత సూత్రాల్లోదే ఒక పోలిక నాగార్జునుడూ వాడతాడు: సముద్రంలో ఎక్కడో తేలుతున్న కాడి, దాని రంధ్రంలో తాబేలు తల సరిగ్గా దూరడం.

కింది సగంలో జంతువులు, ప్రేతలు, నరకం. జంతువుల గదిలో నీళ్ళలో ఒకదాన్నొకటి మింగుతున్న చేపలు, మోత మోస్తున్న పశువులు ఉంటాయి. ముత్యాల కోసం, ఉన్ని కోసం, ఎముకల కోసం, మాంసం కోసం, తోలు కోసం చస్తాయి, మిగిలినవి కొరడా కింద చాకిరీ చేస్తాయి అని నాగార్జునుడి మాట. ప్రేతల్ని గుర్తుపట్టడం తేలిక. కుండంత పొట్ట, సూది బెజ్జమంత గొంతు. మింగబోయిన ముద్ద నిప్పయిపోతుంది, నది దగ్గరికెళితే ఎండిపోతుంది. మన ఊళ్ళో ప్రేతమంటే దెయ్యం. ఇక్కడ మాత్రం వాళ్ళు ఎవర్నీ పట్టి పీడించరు, వాళ్ళ ఆకలే వాళ్ళని పీడిస్తుంది.

నరకం గదిలో కొన్ని పేర్లు మనకి చుట్టాలే. వేడి నరకాలు ఎనిమిది: సంజీవం, కాలసూత్రం, సంఘాతం, రౌరవం, మహారౌరవం, తాపనం, ప్రతాపనం, అవీచి. మన పురాణాల్లో అంతగా వినని వింత ఏమిటంటే చల్లటి నరకాలు కూడా ఎనిమిది ఉన్నాయి. గదిలో మంటల పక్కనే నీలంగా, తెల్లగా మంచు గడ్డలు, వాటి మధ్య బట్టల్లేకుండా ముడుచుకుపోయిన మనుషులు కనబడితే అవే. వాటిలో మూడింటికి అటట, హహవ, హుహువ అని పేర్లు, చలికి వణికే నోటి చప్పుళ్ళే. ఉత్పలం అనే దాంట్లో చర్మం నల్లకలువలా పగులుతుంది. యముడు న్యాయాధికారిగా కూర్చుని ఉంటాడు, కానీ చిత్రగుప్తుడి చిట్టా ఉండదు. అద్దం ఉంటుంది, తెల్లరాళ్ళూ నల్లరాళ్ళూ లెక్కపెట్టేవాళ్ళు ఉంటారు. అద్దంలో ఎవడు చేసింది వాడికే కనిపిస్తుంది.

నరకాన్ని బొమ్మలో చూసినా, విన్నా, తలుచుకున్నా, చదివినా, ప్రతిమగా చేసి చూపినా దడ పుడుతుంది, అనుభవించేవాడి సంగతి చెప్పాలా అని కూడా సుహృల్లేఖలో ఉంది. అంటే ఆయన నాటికే నరకాన్ని బొమ్మలుగా వేసే అలవాటు ఉందన్నమాట. అయితే పిల్లలకి చెప్పేటప్పుడు ఒక్క సంగతి మర్చిపోకండి. ఈ గదుల్లో ఏదీ శాశ్వతం కాదు. అవీచి కూడా. కర్మ తీరిపోతే అక్కణ్ణుంచీ బయటపడతారు.

గదులన్నీ అయ్యాక ఇంకో చుట్టు చూడండి, ఈసారి ప్రతి గదిలోనూ నిలబడ్డ బుద్ధుడి కోసం. చాలా టిబెటన్ బొమ్మల్లో ఉంటాడు, ఒక్కో గదిలో ఒక్కో రంగులో. రంగులు సంప్రదాయాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి చేతిలో ఏముందో చూడండి. దేవతల దగ్గర వీణ, ఎందుకంటే వాళ్ళు పాట తప్ప పాఠం వినరు. అసురుల దగ్గర కత్తీ కవచం. మనుషుల దగ్గర భిక్షాపాత్ర, జంతువుల దగ్గర పుస్తకం, ప్రేతల దగ్గర తినడానికో తాగడానికో పనికొచ్చేది ఉన్న పాత్ర, నరకంలో నిప్పూ నీళ్ళూ. ఎవరికి ఏ భాష అర్థమవుతుందో ఆ భాషలో మాట్లాడటం. క్లాసులో వెనక బెంచీ కుర్రాడికి ముందు బెంచీ పాఠం చెప్పి లాభం లేదని నాకు ఉద్యోగంలో తెలిసిందే, ఇక్కడ గోడ మీద వేసుంది. గోంపాల్లో ఎప్పుడూ వినిపించే ఓం మణి పద్మే హూం లోని ఆరక్షరాల్ని కూడా ఈ ఆరు గదులకీ ఒక్కొక్కటిగా పంచుతారు. ఓం దేవతలకి, హూం నరకానికి.

బయటి అంచు, అసలు పని ఇక్కడే

గైడ్లు కూడా దాటేసే భాగం ఇది. పన్నెండు చిన్న బొమ్మలు, ఒకదాన్నుంచి ఒకటి పుట్టుకొచ్చే పన్నెండు మెట్లు. మొదలు ఎక్కడో తెలియకపోతే కర్ర పట్టుకున్న గుడ్డివాణ్ణో గుడ్డి ముసలమ్మనో వెతకండి. అది అవిద్య, తెలియనితనం. అక్కణ్ణుంచి వరసగా పోవాలి. కుండలు చేస్తున్న కుమ్మరి, సంస్కారం, అంటే చేసే కర్మలు. కొమ్మ మీది కోతి, విజ్ఞానం, అంటే ఇక్కడ ఎరుక. పడవలో మనుషులు, నామరూపం, అంటే మనసూ శరీరమూ. కిటికీలున్న ఖాళీ ఇల్లు, ఆరు ఇంద్రియాలు. కౌగిలించుకున్న జంట, స్పర్శ. కంట్లో బాణం దిగిన మనిషి, వేదన, అంటే అనిపించడం. తాగుతున్న మనిషి, తృష్ణ, అంటే కావాలన్న దాహం. చెట్టు మీది పండు కోసుకోవడం, ఉపాదానం, అంటే పట్టుకోవడం. కడుపుతో ఉన్న స్త్రీ, భవం, అంటే మళ్ళీ పుట్టడానికి సిద్ధమవడం. కాన్పు, జాతి అంటే పుట్టుక. చివర శవాన్ని వీపున మోసుకెళ్తున్నవాడు, జరామరణం. కొన్ని బొమ్మల్లో ఒకటీ అరా మారతాయి, క్రమం మారదు.

పన్నెండూ బట్టీ పట్టే పని పెట్టుకోకండి. ఏడోదీ ఎనిమిదోదీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూడండి. బాణం దిగినవాడు, తాగుతున్నవాడు.

బాణం బొమ్మని దగ్గరగా చూస్తే అది వేసినవాడు ఉండడు. బాణం మాత్రం కంట్లో నేరుగా గుచ్చుకుని ఉంటుంది. వేదన అంటే బాధ ఒక్కటే కాదు, సుఖమైనా అంతే వేగంగా దిగుతుంది. కన్ను దేన్నో చూసింది, ఏదో అనిపించింది. అక్కడిదాకా మన చేతిలో లేదు. పక్క బొమ్మ ప్రశాంతంగా ఉంటుంది. ఒకడు కూర్చుని ఉంటాడు, ఒకామె పాత్రలో కల్లులాంటిదేదో పోస్తుంటుంది. వాడి చెయ్యి ఇంకా చాచే ఉంటుంది. ఈ రెండు బొమ్మలకీ నడుమ గీత ఒక్కటే ఉంటుంది, కానీ చక్రం నుంచి బయటపడే దారి అక్కడుందని బౌద్ధుల నమ్మకం. గుచ్చుకున్నది గుచ్చుకుంది. దాని వెంటనే చెయ్యి చాచాలని రూలేం లేదు.

మా బావమరిది ఒకసారి, "బావా, ఇది సన్యాసుల సంగతి, మనకెందుకు?" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది. ఫ్యామిలీ గ్రూపులో వాళ్ళ తోడల్లుడి కొత్త ఫ్లాట్ గృహప్రవేశం ఫొటోలు. చూశాడు, మొహం మారింది. "మనమూ ఆ ఏడాదే కొనుండాల్సింది" అన్నాడు. కారెక్కేలోగా హోమ్‌లోన్ గురించి ఎవరికో కాల్ కలిపాడు. స్పర్శ, వేదన, తృష్ణ, ఉపాదానం. "ఇప్పుడు గోడ మీద నాలుగు బొమ్మలు నడిచావు తెలుసా" అంటే నవ్వాడనుకోండి, కానీ కాల్ కట్ చేయలేదు.

పట్టుకున్నవాడు, పట్టుకోనివాడు

చివరగా చక్రాన్ని పట్టుకున్న ఆకారం. యముడనే అంటారు చాలామంది. పాత గ్రంథంలో ఉన్నది అనిత్యత, ఏదీ నిలవదన్న సంగతే ఆకారం దాల్చిందన్నమాట. నెత్తిన పుర్రెల కిరీటం, మూడు కళ్ళు, నడుముకి పులితోలు. నరకంలో న్యాయం చెప్పే యముడు లోపల ఒక గదిలో ఉన్నాడు, ఈయన మొత్తం చక్రాన్నే పట్టుకుని ఉన్నాడు. దేవలోకం కూడా ఆ కోరల మధ్యే ఉంది, చూడండి.

చక్రం బయట పైమూల ఒక బుద్ధుడు నిలబడి ఎదురుగా ఉన్న తెల్లటి గుండ్రాన్ని వేలితో చూపిస్తుంటాడు. చూడ్డానికి చందమామలా ఉంటుంది. పాత గ్రంథం దాన్ని నిర్వాణమండలం అంది. ఆయన చక్రం లోపల ఎవర్నీ పట్టి లాగడం లేదు, చూపిస్తున్నాడంతే. కింద రెండు శ్లోకాలు రాయమని కూడా గ్రంథంలో ఉంది. మొదటిది ఇది:

ఆరభధ్వం నిష్క్రామత యుజ్యధ్వం బుద్ధశాసనే
ధునీత మృత్యునః సైన్యం నడాగారమివ కుంజరః

మొదలుపెట్టండి, బయటికి రండి, బుద్ధుడి శాసనంలో చేరండి, రెల్లు గుడిసెని ఏనుగు కుమ్మేసినట్టు మృత్యువు సైన్యాన్ని దులిపేయండి అని. గోంపాల్లో ఇది టిబెటన్ లిపిలో ఉంటుంది.

ఇంటికొచ్చాక

ఈ గదులు చచ్చాక వెళ్ళే చోట్లా, మనసు స్థితులా అని ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. గోంపాలో భిక్షువుల్ని అడిగితే నిజంగా ఉన్న లోకాలే అంటారు. అదంతా మనసే అని తేల్చేయడం చదువుకున్నవాళ్ళకి సుఖంగా ఉంటుంది కానీ, ఇంత పెద్ద బొమ్మని మన సౌకర్యానికి కుదించుకోవడం నాకు నచ్చదు. అలాగని రెండో అర్థం కొత్తగా పుట్టిందీ కాదు. చైనాలో త్యన్‌తాయ్ సంప్రదాయపు ఆచార్యుడు జీయీ (538–597) ఈ ఆరింటికి శ్రావక (బుద్ధుడి బోధ విని సాధించేవాడు), ప్రత్యేకబుద్ధ (తనంతట తానే సాధించేవాడు), బోధిసత్త్వ (అందరి కోసం బుద్ధుడు కాగోరేవాడు), బుద్ధ స్థితులు నాలుగు కలిపి పది చేశాడు. ఒక్కో దాంట్లో మిగతావన్నీ కూడా ఉన్నాయన్నాడు. పది పదులు నూరు. అక్కడితో ఆగకుండా లెక్క పెంచి, ఒక్క క్షణపు మనసులో మూడు వేల లోకాలు అన్నాడు. జపాన్‌లో బౌద్ధ గురువు నిచిరెన్ (1222–1282) దాన్ని ఎదుటివాడి మొహంలో చూపించాడు. కోపంగా ఉంటే నరకం, దురాశగా ఉంటే ప్రేతం, మూఢంగా ఉంటే జంతువు, కుటిలంగా ఉంటే అసురుడు, సంతోషంగా ఉంటే దేవుడు, నెమ్మదిగా ఉంటే మనిషి.

దీన్ని వాడుకోవాలంటే నేను చెప్పేది చాలా చిన్న పని. రాత్రి పడుకునే ముందు ఆ రోజు బాగా వేడెక్కిన ఒక్క సందర్భం తీసుకోండి. అప్పుడు ఏ గదిలో ఉన్నారో ఒక ముక్క రాయండి, దానికి ముందు కంట్లో దిగిన బాణం ఏమిటో ఇంకో ముక్క రాయండి. తప్పొప్పులు రాయొద్దు, తీర్మానాలు అసలే వద్దు. కొన్నాళ్ళకి మనం ఎక్కువగా తిరిగే గది ఏదో మనకే తెలిసిపోతుంది. నాది అసురుల గదని నాకు తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. తోటి మాస్టార్ల ప్రమోషన్లు అన్నీ నోట్‌బుక్కులోకి వచ్చేశాయి.

ఒక్క జాగ్రత్త. ఈ గదుల్లో పక్కవాళ్ళని పెట్టడం మహా తేలిక. "మా ఆడపడుచు అచ్చం ప్రేతలోకం వదినా" అని బస్సులోనే మొదలుపెడతారు. యముడి అద్దంలో ఎవడు చేసింది వాడికే కనిపిస్తుందని ఇందాక చెప్పింది అందుకే.

బొమ్మ కొనుక్కోవాలనిపిస్తే రెండు సంగతులు చూసుకోండి. బయటి అంచులో పన్నెండూ ఉన్నాయా లేదా లెక్కపెట్టండి, మూలల్లో బుద్ధుడూ తెల్లగుండ్రమూ ఉన్నాయో లేదో చూడండి. చౌకరకం ప్రింట్లలో ఫ్రేముకి సరిపోవడం కోసం అంచులు కత్తిరించేస్తారు, అప్పుడు గుమ్మమే మూసేసినట్టు. చేత్తో గుడ్డ మీద వేసిన టిబెటన్ చిత్రం, థంకా అయితే ఖరీదు గీత సన్నదనాన్ని బట్టి ఉంటుంది, బంగారు రంగు మెరుపుని బట్టి కాదు. బాణం దిగిన కన్ను, తాగేవాడి చెయ్యి విడివిడిగా ఆనుతున్నాయో లేదో చూసి బేరం మొదలుపెట్టండి. మరీ చిన్న సైజులో అవి రెండూ రంగు మచ్చల్లా కలిసిపోతాయి, దానికంటే ఫోన్లో తీసుకున్న ఫొటోయే నయం.